పెద్ద మామ పెరట్లో ఎర్తు గుంత

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మా తళి వైపు ఊళ్ళలో కరెంటంటే భయపడేవాళ్ళు చాలామంది, కరెంటు గురించి తెలిసినవాళ్ళు బాగా తక్కువమంది. ఆ తక్కువమందిలో నేనొకదాన్నని గట్టిగా నమ్మేదాన్ని. కృష్ణగిరిలో మూడేళ్ళు ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. క్లాసు నిండా మగపిల్లలు, ఇద్దరం ఆడపిల్లలం. ఆ రెండో అమ్మాయి రెండో ఏడాదిలోనే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది కాబట్టి, చివరి ఏడాదంతా లెక్చరరు “ఆడపిల్లలు ముందుకు రండి” అంటే నేనొక్కదాన్నే గుంపులాగా ముందుకు వెళ్ళేదాన్ని. చదువయ్యాక హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. చేరి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో వాళ్ళు నాచేత చేయించిన పనల్లా ప్యానెళ్ళ మీద దుమ్ము తుడవడం, మీటరు రీడింగులు పుస్తకంలో రాయడం. అయినా నా హ్యాండ్‌బ్యాగులో దువ్వెన పక్కన ఎప్పుడూ ఒక టెస్టరు ఉండేది. బస్సులో చిల్లర తీసేటప్పుడల్లా అది నలుగురికీ కనబడేలా ముందు దాన్ని బయటికి తీసేదాన్ని. (ఎవరూ పట్టించుకోలేదు. ఒక కండక్టరు మాత్రం కిటికీ అద్దం బిగించడానికి ఒకసారి అడిగి తీసుకున్నాడు.)

మా అమ్మ పుట్టిల్లు జవళగిరి దారిలో ఒక చిన్న ఊరు. రాగి చేలు, గులాబీ తోటలు, పొద్దున పది దాకా మంచు, ఎక్కడ చూసినా బండలు. నాకు ఇద్దరు మేనమామలు. పెద్ద మామ మాట తక్కువ మనిషి, చిన్న మామ ఆ లోటు కూడా తీర్చేవాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద ఇరవై ఏళ్ళు తిన్నారు. ఆ తర్వాత ఒక బోరు దగ్గరో, ఒక గట్టు దగ్గరో మొదలైన తగవు పెరిగి పెరిగి ఇల్లు పంచుకునేదాకా వచ్చింది. ఊరి పెద్దలు నలుగురు వచ్చి కూర్చున్నారు. గిన్నెలు పంచారు, మంచాలు పంచారు. ఉన్న ఒక్క వెట్ గ్రైండరు చిన్న మామకు, ఉన్న ఒక్క సీమావు పెద్ద మామకు అన్నారు. అవ్వను మాత్రం పంచడం కుదరక ఆమెనే అడిగారు. అవ్వ ఏమాత్రం ఆలోచించకుండా, “ఆవు యాడుంటే నేను ఆడ” అంది. (కొడుకుల్లో ఎవరి పేరూ ఎత్తకుండా ఇంత గొప్ప తీర్పు ఆ నలుగురు పెద్దలూ చెప్పలేకపోయారు.) చివరికి సుద్దముక్కతో వాకిలి నుంచి పెరటిదాకా నేల మీద గీత గీశారు. ఆ గీత మీద గోడ లేవాలి. గోడ లేచాక ఒకరి వస్తువేదీ గోడ దాటి రెండోవాళ్ళ వైపుకు పోకూడదు, తూము నీళ్ళు కానీ, బట్టలారేసే తీగ కానీ, ఏదైనా సరే. ఇద్దరూ కర్పూరం వెలిగించి, దాన్ని ఆర్పి ఒట్టు పెట్టుకున్నారు. మా వైపు కర్పూరం ఆర్పి చేసిన ఒట్టంటే దానికి ఇక తిరుగు లేదు.

ఆ సుద్దగీత సరిగ్గా నడిమింట్లో మెయిన్ బోర్డు ఉన్న చోటు మీదుగా వెళ్ళింది. పెద్ద మామ అప్పటికే తన పేరుతో కొత్త సర్వీసు తీసుకుని, తన వాటాలో వేరే మీటరు పెట్టించుకున్నాడు. పాత సర్వీసు, పాత బోర్డు చిన్న మామవి. వాటిని ఆయన వైపుకు జరిపి, అక్కడినుంచి వైరింగు పొడిగించాలి. ఈ పని ఎవరు చెయ్యాలి? చిన్న మామ తెచ్చిన వైర్‌మన్‌ను పెద్ద మామ నమ్మడు, పెద్ద మామ చెప్పిన వైర్‌మన్‌ను చిన్న మామ గడప తొక్కనివ్వడు. అప్పుడు ఎవరికి తట్టిందో కానీ, “పాప ఉండాది కదప్పా, రెండిండ్లకీ మేనకోడలే” అన్నారు. హోసూరుకు కబురు వచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టి, ఫ్యాక్టరీ స్టోరులో బతిమాలి తెచ్చుకున్న కటింగ్ ప్లేయరు, టేపుచుట్టలు, స్క్రూల డబ్బా సంచిలో వేసుకుని శనివారం పొద్దున తళి బస్సెక్కాను. ఆ బస్సులో నేనొక్కదాన్నే పని మీద వెళ్తున్నాననీ మిగతావాళ్ళంతా ఊరికే ప్రయాణం చేస్తున్నారనీ నాకు అనిపించింది. వయసు ఇరవై ఒకటి.

రెండిళ్ళ మేనకోడలుగా పని చెయ్యడం అంత సులువు కాదని దిగగానే తెలిసింది. పొద్దున పెద్ద మామ ఇంట్లో ఉప్మా తింటే మధ్యాహ్నం చిన్న మామ ఇంట్లో ముద్ద తినాలి. ఇక్కడ కాఫీ తాగితే అక్కడ మజ్జిగ. సగం లేచిన గోడకు రెండు వైపులా నా ముద్దలు లెక్కపెట్టేవాళ్ళు ఉన్నారు. స్తంభం దగ్గర సర్వీసు తీసెయ్యడానికి లైన్‌మన్ వచ్చాడు. నడివయసు మనిషి, చేతి మీద మోచేతి దాకా పాత కాలిన మచ్చ ఉంది. వచ్చి, నా భుజం మీదుగా లోపలికి చూస్తూ, “వైర్‌మన్ యాడ?” అన్నాడు. “నేనే” అన్నాను. ఇంకొకసారి లోపలికి తొంగిచూసి, ఇంకెవరూ రావడం లేదని ఖాయం చేసుకుని, “సరేమ్మా” అని స్తంభమెక్కాడు.

పని మాత్రం, ఇప్పుడు చెప్పుకున్నా సిగ్గుపడక్కర్లేదు, బాగానే మొదలుపెట్టాను. స్తంభం దగ్గర తీశారని తెలిసినా ఫ్యూజులు ఊడదీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. పాత తీగలు ముట్టుకునే ముందు టెస్టరును పెద్ద మామ ఇంట్లో నడుస్తున్న ప్లగ్గులో పెట్టి, అది వెలుగుతోందని చూసుకుని, ఆ తర్వాతే ఇవతలి తీగలమీద పెట్టాను. పాత బోర్డు చెక్క చెదలు పట్టి ఉంటే కొత్తది వేయించాను. తీగ ఎక్కడ అతకాల్సి వచ్చినా మెలిపెట్టి టేపు చుట్టి గోడలో పూడ్చలేదు. పింగాణీ కనెక్టర్లు పెట్టి, మూత తెరిచి చూసుకునేలా పెట్టెలో ఉంచాను. ఇదంతా టేబులెక్కి, చుడీదార్ దుపట్టా నడుముకు బిగించి చేస్తుంటే వీధిలో ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి చూశారు. ఒకామె, “ఈ పాపకు పెండ్లెట్ల చేస్తారో” అని నిట్టూర్చింది. నేను వినబడనట్టు ఇంకో స్క్రూ గట్టిగా బిగించాను. మెయిన్ స్విచ్చును పిల్లలకు అందకూడదని బాగా ఎత్తులో పెట్టాను. టేబులు మీద నిలబడి పెట్టాను కాబట్టి నాకది ఎత్తనిపించలేదు.

చిక్కంతా ఎర్తు దగ్గర వచ్చింది. పాత ఇంటికి ఎప్పుడో తాత కాలంలో తవ్వించిన ఎర్తు గుంత పెరట్లో ఉంది. నిలువులోతు గుంత, బొగ్గు, ఉప్పు, నడుమ ఇనుప పైపు. ఏ సామానులోనైనా కరెంటు లీకైతే మనిషి ఒంట్లోంచి కాకుండా ఆ పైపులోంచి నేలలోకి పోతుంది. పంపకంలో ఆ గుంత పెద్ద మామ వాటాలోకి వెళ్ళింది. అక్కడినుంచి ఒక కమ్మీ గోడ దాటించి చిన్న మామ బోర్డుకు తెస్తే చాలు. పెద్ద మామ అరుగు మీద కూర్చుని ఉంటే వెళ్ళి అడిగాను.

“మామా, ఎర్తుకు మీ గుంత నుంచి ఒక కమ్మీ లాక్కోవాల. గోడకు చిన్న బొక్క పెడితే చాలు.”

“గోడకు బొక్కా? కర్పూరం ఆర్పినాము పాపా. నా వైరు వాని జాగాలోకి పోకూడదు, వాని వైరు నా జాగాలోకి రాకూడదు.”

“అది వైరు కాదు మామా, ఉత్త ఇనుప కమ్మీ. దాంట్లో కరెంటు కూడా ఉండదు.”

ఆయన నన్ను జాలిగా చూశాడు. “కరెంటు లేని కమ్మీ ఏల మళ్ళా?”

దీనికి జవాబు చెప్పడానికి నాకు మూడేళ్ళ చదువుంది. అరగంట చెప్పాను. ఆయన మర్యాదగా అంతా విన్నాడు. విని, “నువ్వు చెప్పింది సరేనమ్మా. ఒట్టు ఒట్టే” అని తువ్వాలు దులుపుకుని పొలానికి వెళ్ళిపోయాడు. అందులో ఒట్టు ఎంతో, తమ్ముడి మీద కోపం ఎంతో నాకప్పుడు తెలియలేదు. ఆయనకైనా తెలుసో లేదో.

సరే, చిన్న మామ పెరట్లోనే కొత్త గుంత తవ్వుదామన్నాను. ఆయన గడ్డపార తీసుకుని ఉత్సాహంగా దిగాడు. రెండడుగులకు ఠంగుమంది. బండ. ఇంకోచోట తవ్వాడు. అడుగున్నరకే ఠంగుమంది. మూడో చోట గడ్డపార మొన వంగింది. సాయంత్రానికి ఆయన పెరట్లో మూడు గుంతలు, అరచేతుల్లో నాలుగు బొబ్బలు తయారయ్యాయి. నేల మీద చతికిలబడి, “చూసినావా పాపా, మన్నంతా ఆయప్పకు పోయింది, బండ నాకు వచ్చింది” అన్నాడు. అవతల చిన్నత్త, “రేపు పొద్దున పప్పు నానేస్తా, మాపటికి కరెంటొస్తే వడలు చేస్తా” అని ఆశగా నావైపు చూసింది. అందరూ నావైపే చూశారు. ఎర్తు కుదరలేదు, పని ఆపుదాం, ఒట్టు సంగతి పెద్దలతో మాట్లాడదాం అని ఆ రోజు నేను చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. గుమ్మం దగ్గర అంతమంది చూసి వెళ్ళాక చేతకాలేదని ఎలా చెప్పను?

అప్పుడే నాకు బోరు పైపు కనబడింది. బోరు నుంచి భూమిలోంచి వచ్చి, పెరటి గోడ దగ్గర పైకి లేచి, గోడ వెంబడి పోతుంది. దానికి చిన్న మామ వైపు ఒక కుళాయి, పెద్ద మామ వైపు ఆవు తొట్టి దగ్గర ఇంకో కుళాయి. (పెద్దలు నీళ్ళను మాత్రం పంచలేదు, బోరు ఒక్కటే కాబట్టి ఈ పైపును ఒట్టులోంచి మినహాయించారు.) ఇనుప పైపు, నేరుగా బోరులోకి వెళ్తుంది, అడుగున నీళ్ళు. ఇంతకన్నా మంచి ఎర్తు ఎవరికుంటుంది! ఆదివారం పొద్దున పైపును గీకి మెరిసేలా చేసి, క్లాంపు వేసి, ఎర్తు కమ్మీ బిగించేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం సర్వీసు కలపడానికి లైన్‌మన్ మళ్ళీ వచ్చాడు. బోర్డు చూశాడు, మూతలు తెరిచి కనెక్టర్లు చూశాడు, తల ఊపాడు. “ఎర్తు యాడ్నుంచి తీసినావమ్మా?”

“బోరు పైపుకు కట్టినాను అన్నా. శానా లోతుకు పోతాది.”

“పైపంతా ఇనుమేనా? నడుమ ముక్క ఏమైనా మార్చినారేమో చూసినావా?”

చూడలేదు. చూడలేదని చెప్పడానికి కూడా అదే నోరు కావాలి కదా. “నేను డిప్లొమా చదివినాను అన్నా” అన్నాను. ఆయన మచ్చ ఉన్న చేత్తో మెడ గోక్కున్నాడు. “నేను చదవలేదమ్మా. దానికే అడిగినాను” అన్నాడు. నేనంత ధీమాగా నిలబడి ఉంటే ఇంకేం అంటాడు? సర్వీసు కలిపి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

స్విచ్చు వేయగానే లైట్లు వెలిగాయి. చిన్న మామ ఈల వేశాడు. చిన్నత్త పీట వేసుకుని గ్రైండరు ముందు కూర్చుని, నానిన పప్పు పోసి ఆన్ చేసింది. ఆ గ్రైండరు సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. దాని మోటారులోకి తడి చేరి అది ఎన్నేళ్ళుగానో లీకవుతూనే ఉంది. పాత గుంత ఎవరికీ చెప్పకుండా ఆ లీకునంతా మింగేస్తూ వచ్చింది. అది గడగడా తిరుగుతుంటే, మధ్యాహ్నం భోజనం ఇక్కడ అయింది కాబట్టి సాయంత్రం కాఫీ అక్కడ తాగాలని నేను వీధి తిరిగి పెద్ద మామ ఇంటికి వెళ్ళాను. అప్పటికి గోడ పూర్తిగా లేచింది.

పెరట్లో అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఆ వేళకు అవ్వ రోజూ తొట్టి దగ్గర కుళాయి కింద కాళ్ళు కడుక్కునేది. లేచి నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, “చక్కెర సరిపోయిందా పాపా?” అని అడిగింది. “చాలవ్వా” అన్నాను. ఆమె ఆ ఒక్క మాట అడిగినంతసేపట్లో సీమావు మేత నుంచి వచ్చింది. తొట్టిలో నీళ్ళున్నా ముందు కుళాయి చివర వేలాడే చుక్కను నాకడం దానికి అలవాటు. బురదలో నిలబడి మెడ చాచింది. అరవలేదు కూడా. నాలుగు కాళ్ళూ ఒక్కసారి బిగిసి, నిలబడ్డది నిలబడ్డట్టే పక్కకు పడింది. మెడలో గొలుసు పైపుకు చుట్టుకుంది.

ఆవు వెనకే వస్తున్న పెద్ద మామ పామనుకున్నాడు. “అయ్యో నా తల్లీ” అంటూ పరిగెత్తాడు. నా చేతిలో గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు. “ముట్టుకోవద్దు మామా! కరెంటు! ముట్టుకోవద్దు!” అని అరిచాను. ఆయనకు వినబడలేదు, వినబడినా ఆగే మనిషి కాదు. అప్పుడు అవ్వ వెనకనుంచి ఆయన పంచె రెండు చేతులా పట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. పంచె ఊడి అవ్వ చేతికొచ్చింది. గీతల డ్రాయరుతో మా పెద్ద మామ, అంతటి గంభీరమైన మనిషి, మేనకోడలు చూస్తోందని రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. ఆవుకు అడుగు దూరంలో. ఆయన ప్రాణం ఆ సిగ్గు కాపాడింది. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

స్విచ్చు గోడకు అవతల ఉంది. రెండు వారాల కిందటైతే పది అడుగులు. “మెయినాపండి” అని గోడ మీదుగా అరిచాను, గ్రైండరు చప్పుడులో ఎవరికీ వినబడలేదు. ఇల్లు దాటి, వీధి దాటి, చిన్న మామ ఇంట్లోకి దూరాను. బోర్డు ముందు నిలబడి చెయ్యెత్తాను. అందలేదు. నేను పెట్టిన స్విచ్చు నాకే అందలేదు. ఎగిరాను, అందలేదు. అటూ ఇటూ చూసి, చిన్నత్త కూర్చున్న పీటను ఆమె కిందనుంచి లాగేశాను. ఆమె వెల్లకిలా పడింది. (గ్రైండరు మీదికి పడి ఉంటే? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు నిద్రపోనివ్వలేదు. ఆ పొడి పీట మీద కూర్చోబట్టే ఆమెకు అంతసేపూ ఏమీ కాలేదని కూడా తర్వాతే అర్థమైంది.) పీట అంచుతో స్విచ్చును కిందికి కొట్టాను. గ్రైండరు మెల్లగా ఆగింది. గోడ అవతలనుంచి పెద్ద మామ ఏడుపు అప్పుడు వినబడింది.

ఆవు చచ్చిపోయింది. ఊరు ఊరంతా పెరట్లో చేరింది. పెద్ద మామ పైపు వెంబడి చూసుకుంటూ వచ్చి, గోడ మీదుగా వంగి, చిన్న మామ వైపు దానికి బిగించిన క్లాంపు, కమ్మీ చూశాడు. ఆయన గొంతు మామూలుగా నెమ్మది. ఆ రోజు అది వేరే ఎవరిదోలా ఉంది.

“రేయ్, గొడ్డు నాకొచ్చిందని కరెంటు పెట్టి చంపినావు కదరా.”

“నేనేల చంపుతా? ఎర్తు ఇయ్యకుండా చేసింది నువ్వు. అడిగితే ఒట్టన్నావు” అని, జనంతో పాటు వీధి తిరిగి ఇవతలికి వచ్చిన చిన్న మామ చేతిలో ఉన్న గడ్డపార కింద పెట్టకుండానే ముందుకొచ్చాడు. పెద్ద మామ తొట్టి పక్కనున్న కొడవలి అందుకున్నాడు. ఊరివాళ్ళు ఇద్దరినీ పట్టుకున్నారు కానీ పట్టు సడలితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

“తప్పు నాది” అన్నాను. ఎవరూ వినలేదు. “మామా, పైపుకు కట్టింది నేను, తప్పు నాది” అని గట్టిగా అరిచాను. పెద్ద మామ నావైపు తిరిగి, కళ్ళనీళ్ళతోనే, “నువ్వు పక్కకు పో తల్లీ. వాడు చెప్పినట్ల చేసినావు, నీకేం తెలుసు” అన్నాడు. చిన్న మామ, “పాపను ఒక మాటంటే బాగుండదు. ఆ పాప సరిగ్గానే చేసింది, ఆయప్పే వెనకమాల ఏమో చేసినాడు” అన్నాడు. నా జీవితంలో ఒకే ఒక్కసారి మనస్ఫూర్తిగా తప్పు ఒప్పుకుంటే దాన్ని తీసుకునేవాళ్ళే లేరు. నా మీద వాళ్ళిద్దరికీ ఉన్నది ప్రేమే. కానీ ఆ ప్రేమను ఒప్పుకుంటే ఇంకాసేపట్లో ఇద్దరిలో ఒకరు నా వల్ల చస్తారు.

ఏడుస్తూనే సంచిలోంచి ఒక బల్బు, హోల్డరు, రెండు తీగలు తీశాను. అందరినీ తొట్టికి దూరంగా అరుగు మీదికి ఎక్కించాను. ఒక తీగ కుళాయికి కట్టాను, రెండోది పాత గుంతలోని పైపుకు. ఆ రెండు కట్టి నేను కూడా దూరం జరిగాక, “అత్తా, కట్టెతో మెయిన్ పైకి తోసెయ్యి. పీట మీద నిలబడి చీపురుకట్టతో గ్రైండరు స్విచ్చు కూడా వెయ్యి” అని అరిచాను. బల్బు వెలిగింది. నీళ్ళ కుళాయికి కట్టిన బల్బు, పట్టపగలు, చచ్చిన ఆవు పక్కన. “ఆపెయ్యత్తా” అన్నాను. ఆపిందని గోడ మీదినుంచి ఇద్దరు చెప్పాక, పైపు నేలలోంచి లేచే చోట గునపంతో గీరాను. జానెడు లోతులో తెల్లగా ప్లాస్టిక్ ముక్క బయటపడింది. గోడకు పునాది తీసినప్పుడు పాత పైపు పగిలితే అతికించిన ముక్క. అంటే నేను కట్టిన ఎర్తు బోరులోకి పోలేదు. ఆ ముక్క దగ్గర ఆగిపోయి, లీకైన కరెంటంతా రెండిళ్ళ కుళాయిల్లో కాచుకుని కూర్చుంది.

“లైన్‌మన్ అన్న నన్ను అడిగినాడు. ముక్క మార్చినారేమో చూసినావా అని. నేను చూడలేదు. చూసినట్టు మాట్లాడినాను” అన్నాను.

పెద్ద మామ వచ్చి ఆ తెల్ల ముక్క దగ్గర వంగాడు. కొడవలి ఎప్పుడు కింద పడేశాడో నేను చూడలేదు. “ఆ ముక్క పెట్టించింది నేను” అన్నాడు మెల్లగా. “మేస్త్రీ అడిగితే ప్లాస్టిక్కే పెట్టమన్నాను. నన్నెవురూ అడగలేదు. నేనూ చెప్పలేదు.” అవ్వ ఆవు తల పక్కన కూర్చుని దాని చెవులు నిమురుతోంది. తల ఎత్తకుండానే, “నాకన్నా ముందు దానికి దప్పికయింది” అంది. అంతే. ఆ మాట విన్నాక చిన్న మామ గడ్డపార నేలకు ఆనించి ముఖం తిప్పుకున్నాడు.

పెద్ద మామ వచ్చి ఆ గడ్డపార తమ్ముడి చేతిలోంచి తీసుకున్నాడు. మళ్ళీ కొట్టుకుంటారేమోనని జనం కదిలారు. ఆయన నేరుగా కొత్త గోడ దగ్గరికి వెళ్ళి, ఎర్తు గుంతకు ఎదురుగా, మోకాలెత్తులో పొడిచాడు. పచ్చి గోడ, నాలుగు పోట్లకే అవతల వెలుతురు కనబడింది. “పాపా, కమ్మీ లాగు” అన్నాడు. పెద్దల్లో ఒకాయన, “ఒట్టప్పా...” అనబోయాడు. “పాపం నాకు రానీ” అన్నాడు పెద్ద మామ. పైపుకు ఉన్న క్లాంపు ఊడదీశాను. గుంత నుంచి బోర్డుదాకా నడుమ ఎక్కడా అతుకు లేకుండా ఒకే కమ్మీ లాగాను. లైన్‌మన్‌ను మళ్ళీ పిలిపించి, ఈసారి ఆయన అడగకముందే అన్నీ చూపించాను. మెయిన్ స్విచ్చును అవ్వకు కూడా అందే ఎత్తుకు దించాను. ఆ గ్రైండరును మోటారు బాగయ్యేదాకా ముట్టుకోవద్దన్నాను. చిన్నత్త సగం నలిగిన పప్పును గుట్టుగా తీసుకెళ్ళి పెద్ద మామ వైపు కుడితి తొట్టిలో పోసింది. పోశాక, తాగడానికి ఆవు లేదని గుర్తొచ్చి, అక్కడే కొంగు నోట్లో పెట్టుకుంది.

ఆవును పెద్ద మామే తన పెరటి మట్టిలో గుంత తీసి పూడ్చాడు. పూడ్చుతున్నంతసేపూ చిన్న మామ గోడ అవతల నిలబడే ఉన్నాడు, ఇవతలికి రాలేదు. నేను హోసూరుకు బయల్దేరేముందు పెద్ద మామ నన్ను పిలిచి, “ఈ ఎర్తు గుంతకు ఇంకేమైనా చెయ్యాల్నా?” అని అడిగాడు. నాకు భయం ఇంకా తగ్గలేదు. “రోజూ ఒక బిందె నీళ్ళు పొయ్యాల మామా. గుంత ఎండకూడదు. రోజూ” అన్నాను. నిజానికి అంత అక్కర్లేదు. ఎండాకాలంలో వారానికోసారి చాలు. కానీ ఆ సాయంత్రం నాకు ఎన్ని బిందెలు పోసినా చాలవనిపించింది.

ఇదంతా జరిగి అన్నదమ్ములు కలిసిపోయారని రాస్తే బాగుంటుంది. కలవలేదు. ఒక్క మాట లేదు, అవ్వ పోయిన రోజు పాడె ముందు వైపు చెరో కొమ్మూ పట్టి నడిచినప్పుడు కూడా. పదేళ్ళయ్యాక, ఫ్యాక్టరీలో నాకింద ఏడెనిమిదిమంది పనిచేసే రోజుల్లో, ఒక ఆదివారం వెళ్ళి రెండిళ్ళకూ కొత్త ట్రిప్ స్విచ్చులు పెట్టాను. కొంచెం లీకైనా చటుక్కున పడిపోయేవి. మీటరుతో గుంత కూడా చూశాను, శుభ్రంగా ఉంది. ఆ రోజు సన్నగా వాన పడుతోంది, మా తళి వైపు వాన, ఒకసారి పట్టుకుంటే వదలదు. నేను పెరట్లోకి వెళ్ళేసరికి పెద్ద మామ ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో బిందె వంచి, ఆ వానలోనే ఎర్తు గుంతలో నీళ్ళు పోస్తున్నాడు.

“రోజూ అని చెప్పినావు కదా పాపా” అన్నాడు. తర్వాత గోడ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, “ఈ మధ్య నడుము పట్టేస్తా ఉండాది. నువ్వు వానికి కూడా కొత్త స్విచ్చు పెట్టినావంట. ఇంక ఆపేస్తే వానికి ఏమీ కాదు కదా?” అని అడిగాడు.

గోడ అవతల గ్రైండరు తిరుగుతోంది. ఇరవై ఒక్క ఏళ్ళప్పుడైతే ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి అరగంట పాఠం చెప్పి ఉండేదాన్ని. ఆ అమ్మాయి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, దాని జడ పట్టుకుని గుంజాలనీ అనిపిస్తుంది. సరైన జవాబు నాకు తెలుసు. బాగా తెలుసు. పదేళ్ళుగా పలకరించని తమ్ముడి కోసం ఆయన రోజూ చేస్తున్న పని అదొక్కటే.

“ఆపొద్దు మామా. సగం బిందె చాల్లే” అన్నాను.

ఆయన హమ్మయ్య అన్నట్టు తల ఊపి, బిందెలో మిగిలిన నీళ్ళు కూడా పోసేశాడు.